కొండ నీడన బాడుగ ఇల్లు

మా చిత్తూరు సీమలో 'అద్దె' అన్నమాట కాగితాల మీదనే ఎక్కువగా కనిపిస్తుంది. జనం నోట పలికేది 'బాడుగ'. బాడుగ ఇల్లు, బాడుగ బండి, బాడుగ సైకిలు. ఏదైనా సరే, కొంతకాలం మన దగ్గర ఉండి మళ్ళీ సొంతదారు చేతికి వెళ్ళిపోయేదే బాడుగ వస్తువు. ఆ లెక్కన చూస్తే మనిషి ప్రాపంచిక జీవితమంతా బాడుగ కాపురమే. చిన్ననాటి నుంచి వింటున్న ఈ సత్యం, తిరుపతి వీధుల్లో పన్నెండు రోజులపాటు ఒక పడకగది ఇంటి కోసం తిరిగినప్పుడు నా కాళ్ళకు తెలిసివచ్చింది.

మాది మదనపల్లె. ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమించి నాలుగేళ్ళయింది. మా చిన్నమ్మాయికి తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఆమె తల్లి మోకాళ్ళు అరిగిపోయి రెండేళ్ళుగా బాధపడుతోంది. తిరుపతిలోని బర్డ్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స, ఆ తర్వాత నెలల తరబడి వ్యాయామ చికిత్స అవసరమన్నారు. ఇక్కడ మంచాన పడి ఉన్న మా అమ్మను వదలి నేను కదలలేను. తల్లీకూతుళ్ళు తిరుపతిలో ఒకే ఇంట్లో ఉంటే చదువూ సాగుతుంది, చికిత్సా సాగుతుంది. ఇల్లు దొరకకపోతే సీటు వదులుకుంటానని అమ్మాయి ముందే చెప్పింది. తల్లిని ఆ స్థితిలో విడిచి హాస్టలుకు పోనన్నది. తరగతులు ఆరంభం కావడానికి రెండు వారాల గడువు ఉంది. కావలసింది పెద్ద ఇల్లేమీ కాదు. ఒక పడకగది, ఒక హాలు, ఒక వంటిల్లు. నేల మీది ఇల్లయినా కావాలి, లేకుంటే లిఫ్టయినా ఉండాలి.

మదనపల్లె నుంచి తిరుపతికి బస్సులో సుమారు మూడు గంటల ప్రయాణం. వాయల్పాడు, కలికిరి, పీలేరు దాటేదాకా టమోటా చేలు, మామిడి తోటలు తోడు వస్తాయి. ఆ తర్వాత భాకరాపేట కనుమ. మలుపు మలుపుకూ బస్సు మూలుగుతూ అడవిలోంచి దిగుతుంది. దిగాక రంగంపేట, దాని సమీపంలో తిరుపతికి తాగునీరందించే కల్యాణి డ్యాము, ఆపైన చంద్రగిరి. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిన తర్వాత విజయనగర పాలకులు పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి రాజధానిని మార్చుకున్నారు. చక్రవర్తులు కొలువు తీరిన రాజమహలు నేడు పురావస్తు ప్రదర్శనశాల. టిక్కెట్టు కొన్నవారెవరైనా లోపల తిరిగి రావచ్చు. గుట్ట మీది కోటగోడలు చూస్తూ, అంతటివారికే ఇల్లు నిలకడగా లేకపోయిందే అనుకున్నాను.

తిరుపతిని యాత్రికుల పట్టణమని అందరూ అంటారు. అక్కడ ఇల్లు వెతికిన వారికి మాత్రం అది బాడుగదారుల పట్టణంగా కనిపిస్తుంది. 1886లో మునిసిపాలిటీగా ఏర్పడిన ఈ ఊరికి 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1960లో వైద్య కళాశాల, 1983లో మహిళా విశ్వవిద్యాలయం వచ్చాయి. 2007లో నగరపాలక సంస్థ అయింది. 2015లో ఐఐటీ, ఐసర్ మొదలయ్యాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రం కూడా అయింది. రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులకు రాయలసీమ నలుమూలల నుంచి, తమిళ సరిహద్దు పల్లెల నుంచి రోగులు వస్తారు. 2011 జనాభా లెక్కల నాటికే నగరంలో సుమారు 2 లక్షల 87 వేల మంది ఉన్నారు. విద్యార్థులు, రోగుల బంధువులు, చిరుద్యోగులు, కొత్తగా పెళ్ళయిన జంటలు, అందరికీ కావలసింది ఆ సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లే. అందుకే ఇక్కడ 'టు లెట్' బోర్డు తెల్లవారి కడితే సాయంత్రానికి దిగిపోతుంది.

బోర్డు దిగకుండానే ఇల్లు 'అయిపోవడం' కూడా ఉంటుందని మొదటి రోజే తెలిసింది.

బైరాగిపట్టెడలో ఒక గేటుకు వేలాడుతున్న బోర్డు మీది నంబరుకు ఫోను చేశాను. అవతలి గొంతు మర్యాదగానే మాట్లాడింది. కింది ఇల్లేనని, నీళ్ళకు కొరత లేదని, సాయంత్రం వచ్చి చూసుకోవచ్చని చెప్పింది. "పేరేం సార్?" అని అడిగింది. చెప్పాను. క్షణకాలం మౌనం. "ఒక్క నిమిషం సార్" అని, తర్వాత "ఇంట్లోవాళ్ళు నిన్ననే ఎవురికో మాటిచ్చేసినారంట" అన్నది. మర్నాడు అదే వీధిలో వెళ్తుంటే ఆ బోర్డు అక్కడే ఉంది. నాలుగో రోజు కూడా ఉంది.

ఖాదీ కాలనీలో ఒక పెద్దాయన వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. కులం పేరు నేరుగా అడగడం ఇష్టం లేక, "మీరు నీసు తింటారా?" అన్నాడు. తింటామన్నాను. "మేం ఉల్లిగడ్డ కూడా తక్కువే వాడతాం నాయనా, ఏమీ అనుకోవద్దు" అన్నాడు. తిరుమల కొండ మీద మాంసం, మద్యం, పొగాకు నిషిద్ధం. కింద ఊళ్ళో మాంసం అంగళ్ళు ఉన్నాయి, కొనేవాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు. అయినా తన ఇంటి వంటగది గురించి ఆయనకొక పట్టింపు ఉంది. దాన్ని దాచకుండా చెప్పాడు. అబద్ధం చెప్పి తిప్పి పంపినవారి కంటే, ఉన్నది చెప్పిన ఆ పెద్దాయన మీద నాకు గౌరవమే మిగిలింది.

టాటా నగర్‌లో ఇల్లు బాగుంది, యజమానికి అభ్యంతరమూ లేదు. కానీ మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లు లెక్కపెట్టుకుని దిగి వచ్చాను. కొర్లగుంటలో మన వారిదే ఒక ఇల్లు ఉందంటే ఆశతో వెళ్ళాను. సలాములు, చాయ్, బంధువుల ఆరా అన్నీ అయ్యాక యజమాని, "మగదిక్కు లేకుండా ఆడవాళ్ళిద్దరే ఉంటారా? నలుగురూ ఏమంటారు?" అని సందేహించాడు. ఒప్పించబోతే ఆ వీధిలో ఉన్న బాడుగ కంటే రెండు వేలు ఎక్కువ అడిగాడు. వేరేచోట ఇవ్వరని ఆయనకు తెలుసు. ఆ తెలిసినదానికే ధర కట్టాడు.

ఇది మా ఒక్కరి అనుభవమే అయితే ఇక్కడ రాయవలసిన పని లేదు. దేశ ముస్లిముల స్థితిగతులను అధ్యయనం చేసి 2006లో సచార్ కమిటీ సమర్పించిన నివేదిక, ఇల్లు అద్దెకు తీసుకోవడంలో, కొనుక్కోవడంలో ముస్లిములు ఎదుర్కొంటున్న ఇబ్బందిని ప్రస్తావించింది. అందువల్ల జనం కొన్ని పేటల్లోనే ఇరుక్కుపోతున్నారని కూడా చెప్పింది. ఢిల్లీ మహానగర ప్రాంతంలో పరిశోధకులు అద్దె ప్రకటనలకు వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపి చూశారు. అగ్రకుల హిందూ పేరుకు నూటికి 35 మంది యజమానులు బదులిస్తే, ముస్లిం పేరుకు 22 మందే బదులిచ్చారు. తక్కిన వివరాలన్నీ ఒకటే, మారింది పేరొక్కటే. బైరాగిపట్టెడలో ఫోను మీద విన్న ఆ క్షణకాలపు మౌనం, అక్కడ అంకెల రూపంలో ఉన్నది.

ఐదో రోజు మధ్యాహ్నం జుహర్ నమాజుకు ఒక మసీదులో ఆగాను. నమాజు ముగిశాక గోడకు ఆనుకుని కూర్చుంటే మనసులో ఫిర్యాదులే తిరుగుతున్నాయి. నన్ను తిప్పి పంపిన ఒక్కొక్కరి ముఖమూ గుర్తుకు వచ్చింది. ఆ వరుసలో, పిలవకుండానే, మరొక ముఖం కూడా వచ్చి నిలబడింది.

అప్పటికి పదకొండేళ్ళ కిందటి మాట. మదనపల్లెలో మా ఇంటి ముందు భాగం ఖాళీగా ఉండేది. ఆసుపత్రిలో పారిశుద్ధ్య పని చేసే ఒక యువకుడు, భార్యను, చంకలో బిడ్డను వెంటబెట్టుకుని బాడుగకు అడగవచ్చాడు. ఏ పేట నుంచి వస్తున్నారని అడిగాను. చెప్పాడు. ఆ పేట పేరులోనే కులం తెలిసిపోయింది. "నిన్ననే ఒకరికి మాటిచ్చేశాం నాయనా" అన్నాను. నాలుగు దినాల తర్వాత ఆ యువకుడు మా వీధి మీదుగా పోతూ, ఇంకా తాళం వేసి ఉన్న ఆ వాకిలి వంక ఒకసారి చూశాడు. నేను అరుగు మీదే ఉన్నాను. ఆయన ఏమీ అనలేదు. నేనూ అనలేదు. మనుషులంతా ఆదం సంతానమని, తెల్లవాడికి నల్లవాడి మీద ఆధిక్యం లేదని బడిపిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్క లేదు. బైరాగిపట్టెడలో నేను విన్న వాక్యం, నేను ఒకనాడు పలికిన వాక్యమే.

ఆ మధ్యాహ్నం ఎంతో సేపు అక్కడే కూర్చున్నాను. ఇంటి వేట సంగతి మరచి ఇస్తిగ్‌ఫార్ చేసుకున్నాను. లేచి బయటికి వస్తుంటే, పక్క సఫ్‌లో నమాజు చేసిన ఒక దర్జీ, "ఊరికి కొత్తగా ఉన్నారు, ఏం పని మీద వచ్చారు భాయ్?" అని పలకరించాడు. చెప్పాను. తనకు బట్టలు కుట్టించుకునే ఒక టీచరమ్మ ఉందని, ఆమెకు మహిళా విశ్వవిద్యాలయం దాపున అపార్టుమెంటులో ఒక చిన్న ఇల్లు ఉందని, ఆమె మాత్రం చిత్తూరులో ఉంటుందని చెప్పాడు. "ఇల్లు ఉండాది. మనోళ్ళకు ఇస్తాదో లేదో అడిగి చూడాల" అంటూ ఫోను నంబరు ఒక కాగితం ముక్క మీద రాసిచ్చాడు.

ఫోనులో పేరు ముందే చెప్పాను. చెప్పి, మౌనం కోసం ఎదురుచూశాను. "ఎప్పుడు వస్తారు?" అన్నది ఆమె.

తిరుపతి నుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. మర్నాడే బయలుదేరాను. కట్టమంచిలో ఆమె ఇల్లు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డి పుట్టిన ఊరు అదే, ఇప్పుడు చిత్తూరు నగరంలో కలిసిపోయింది. ఆమెకు డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. "రాండి అయ్యవారూ" అని లోపలికి పిలిచింది. మా వైపు బడిపంతులును ఇప్పటికీ అయ్యవారనే అంటారు. తన తొలి ఉద్యోగం వాయల్పాడులోనని, ఆ రెండేళ్ళూ ఒక సాయిబుల ఇంటి వసారా గదిలో బాడుగకున్నానని చెప్పింది. "పెండ్లి కాని పిల్లనని మీవాళ్ళు నన్ను బయటికి పొమ్మనలే" అని నవ్వింది.

షరతులు మాత్రం స్పష్టంగా చెప్పింది. నెల మొదటి వారం దాటకుండా బాడుగ రావాలి. బక్రీదుకు అపార్టుమెంటులో కోత జరగరాదు. గోడలకు కొత్త మేకులు కొట్టరాదు. అన్నీ ఒప్పుకున్నాను. మా ఖుర్బానీ ఎలాగూ మదనపల్లెలోనే. అప్పుడు ఆమె అసలు మాట చెప్పింది. "బాడుగ తొమ్మిది వేలు. గానీ నాకు ఇప్పుడు రొక్కం అవసరం. నాలుగు లక్షలు లీజు కింద ఇచ్చేయండి. రెండేండ్లు ఒక్క రూపాయి బాడుగ కట్టాల్సిన పన్లేదు. పోయేటప్పుడు మీ నాలుగు లక్షలు మీకిచ్చేస్తా."

ఈ లీజు పద్ధతి తెలియని వారికి ఒక మాట. పొలాల విషయంలో 'భోగ్యం' అనేది, ఇళ్ళ విషయంలో 'లీజు' అనేది దాదాపు ఒకటే. బెంగళూరు, చెన్నై నగరాల్లో ఉన్నట్లే తిరుపతిలోనూ వాడుకలో ఉంది. పెద్దమొత్తం ఇచ్చి ఇంట్లో చేరతారు. గడువు ముగిశాక ఆ మొత్తం పూర్తిగా తిరిగి వస్తుంది. మధ్యకాలంలో బాడుగ ఉండదు. పైకి చూస్తే ఇరుపక్షాలకూ లాభమే. లోపల చూస్తే, ఇచ్చిన నాలుగు లక్షలు అప్పు. తిరిగి రావలసిన సొమ్ము కనుక అది బాడుగ కాదు. ఆ అప్పు ఇచ్చినందుకు ప్రతిఫలంగా దొరుకుతున్నది రెండేళ్ళ ఉచిత నివాసం. అప్పు మీద ముందుగా ఒప్పుకుని పొందే లాభం వడ్డీ కిందికే వస్తుందని ఉలమాలలో అత్యధికులు చెబుతారు. నోటుకట్టల రూపంలో రాకుండా ఇంటి నీడ రూపంలో వచ్చినంత మాత్రాన దాని స్వభావం మారదు. పెద్ద మొత్తం అప్పుగా ఇచ్చి, అందుకోసమే బాడుగను నామమాత్రం చేసుకోవడాన్ని కూడా వారు ఇదే కోవలో చేరుస్తారు.

నా దగ్గర నాలుగు లక్షలు లేకపోలేదు. విరమణ సొమ్ములో మిగిలినది బ్యాంకులో ఉంది. నెలకు తొమ్మిది వేల చొప్పున రెండేళ్ళకు 2 లక్షల 16 వేలు మిగిలే బేరం. పింఛను మీద బతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. "ఆలోచించి రేపటికల్లా చెప్తానమ్మా" అన్నాను. "చెప్పండి. లీజుకు తీసుకునేవాళ్ళు ఇంకో ఇద్దరు ఉండారు" అన్నది.

చిత్తూరుకు సమీపంలోనే నరసింగరాయనిపేట ఉంది. 1782 డిసెంబరు 7న మైసూరు పాలకుడు హైదర్ అలీ అక్కడి యుద్ధ శిబిరంలో కన్నుమూశాడు. శ్రీరంగపట్టణంలో కోట ఉన్నవాడికి ఆఖరి రాత్రి గడిచింది ఈ సీమలో ఒక గుడారం కింద. తిరుగు బస్సులో ఈ సంగతి తలపుకు వచ్చింది. కోట కట్టినవాడి కాపురమూ అంతే, సింగిల్ బెడ్‌రూమ్ వెతికేవాడి కాపురమూ అంతే. ఈ లోకంలో పరదేశిలా, బాటసారిలా ఉండమని ప్రవక్త మహనీయులు (స) హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) భుజం పట్టుకుని చేసిన బోధ అందరికీ తెలిసినదే. బాటసారికి కూడా రాత్రికి ఒక కప్పు కావాలి. ఆ కప్పు ఎలా సంపాదించుకుంటామన్నదే ప్రశ్న.

ఇంట్లో ఆ రాత్రి సులువుగా గడవలేదు. "ఇన్ని రోజులకు ఒక మనిషి తలుపు తీసింది. ఇప్పుడు మీరే మూసుకుంటారా?" అన్నది నా భార్య. ఆమె మాటలో తప్పు లేదు. మోకాలి నొప్పి ఆమెది. ఎందరో ఇదే పద్ధతిలో ఉంటున్నారు, వారిలో నమాజీలు లేరా అని కూడా అడిగింది. జవాబు చెప్పలేక కూర్చున్నాను. చివరికి అమ్మాయే అన్నది: "అబ్బా, ఆమె మనకు ఇల్లు ఇవ్వనని అనలేదు కదా. లీజు ఎందుకు వద్దంటున్నామో ఆమెకు చెప్పామా? చెప్పకుండానే కాదంటుందని మనమెందుకు అనుకోవాలి?" మన పేరు విని మన గురించి నిర్ణయించేసుకుంటారని నొచ్చుకునే నేను, ఆమె గురించి అదే పని చేస్తున్నానని బోధపడింది.

ఉదయాన్నే ఫోను చేసి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. సొమ్ము లేక కాదని, అప్పు మీద లాభం మా ధర్మంలో కూడదని, నెలనెలా బాడుగ తప్పక కడతానని చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "రేపు చెప్తా" అని పెట్టేసింది. ఒక రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. అమ్మాయి తన సర్టిఫికెట్ల కవరును మళ్ళీ బీరువాలో పెట్టడం చూశాను. మూడో రోజు మగ్రిబ్ వేళకు ఫోను మోగింది. "అయ్యవారూ, మా నాయన కరువుకాలంలో వడ్డీకి తెచ్చి రెండెకరాలు పోగొట్టుకున్నాడు. వడ్డీ వద్దనేవాణ్ణి నేనెట్ల కాదంటా? రొక్కం ఇంకో దారిలో చూసుకుంటా. గానీ బాడుగ తొమ్మిదిన్నర వేలు చేయండి." చేశాను. అల్‌హమ్దులిల్లాహ్ అని నా భార్య వంటింటి గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

ఒప్పంద పత్రం రాసుకునేటప్పుడు తెలుసుకున్న కొన్ని విషయాలు పాఠకులకు ఉపయోగపడవచ్చు. బాడుగ పత్రాలు సాధారణంగా 11 నెలలకే రాస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును విధిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఈ 11 నెలల పద్ధతి. అడ్వాన్సు ఎంత ఉండాలన్నదానికి, 2021లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల బాడుగను మించరాదని సూచించింది. మరమ్మతు వంటి పనికి యజమాని లోపలికి రావాలన్నా 24 గంటల ముందు తెలియజేయాలన్నది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. అయినా ఒప్పందంలో ఆ షరతులు రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు.

ఆలోచిస్తే ఇవేవీ మనకు కొత్త కావు. బాకీ లావాదేవీలను రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశిస్తుంది. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞతో మాయిదా సూరా మొదలవుతుంది. ఇతరుల ఇళ్ళలోకి అనుమతి కోరి, సలాము చేసి తప్ప ప్రవేశించరాదని నూర్ సూరా 27వ ఆయత్ నేర్పుతుంది. ఇల్లు బాడుగకు ఇచ్చిన యజమానికీ ఈ మర్యాద వర్తిస్తుంది. ఇజారా ఒప్పందంలో గడువు, బాడుగ రెండూ ముందే స్పష్టంగా ఉండాలని ఫిఖ్హ్ గ్రంథాలు నిర్దేశించాయి. కరెంటు, నీళ్ళు, నిర్వహణ ఖర్చు ఎవరివో, గోడల సున్నం ఎవరు వేయించాలో, అడ్వాన్సు ఎన్నాళ్ళలో తిరిగి ఇవ్వాలో ఒక కాగితం మీద ఉంటే స్నేహం చెడదు.

తిరుపతిలో ఇల్లు చూసేవారు నీళ్ళ సంగతి, వాన సంగతి తప్పక అడగాలి. ఎండాకాలంలో బోరు ఎండితే ట్యాంకరు ఖర్చు ఎవరిదో తేల్చుకోవాలి. 2021 నవంబరులో కురిసిన కుండపోత వానలకు నగరంలో పల్లపు కాలనీలెన్నో నీట మునిగాయి. కాబట్టి వీధి ఎత్తుగా ఉందో పల్లంగా ఉందో చూసుకోవాలి. ఇవి గూగుల్ పటంలో కనిపించవు. వీధి చివర ఇస్త్రీ బండి వాణ్ణి అడిగితే చెబుతాడు.

మా ఇల్లు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు ఉంది. పడకగదిలో నమాజు చాప పరిస్తే మరొక మనిషి నడవడానికి జానెడు చోటే మిగులుతుంది. ఖిబ్లా వైపు తిరిగితే కుడిచేతి దిక్కున కిటికీ, కిటికీలో కొండ. ఫజర్‌కు లేచినప్పుడు ఘాట్ రోడ్డు దీపాలు చీకట్లో వరుసగా వెలుగుతుంటాయి. ఎదురింటివారు విశ్వవిద్యాలయంలో చిరుద్యోగులు, వైష్ణవులు. చేరిన మొదటి వారంలో మా వంటగది వాసన వారికి ఇబ్బందేమోనని అమ్మాయి వెళ్ళి అడిగింది. "వండేటప్పుడు మా వైపు కిటికీ వేసుకుంటే చాలు పాపా" అన్నారు. ఆ కిటికీ అప్పటి నుంచి మూసే ఉంటోంది. శస్త్రచికిత్స జరిగిన రోజు రాత్రి ఆసుపత్రికి పెరుగన్నం తెచ్చినది ఆ ఇంటి ఇల్లాలే.

పైకప్పు కింద ఒకరు, పైకప్పు మీద ఒకరు ఉండే ఇళ్ళ గురించి తలచుకున్నప్పుడల్లా నాకు మదీనాలోని ఒక మిద్దె ఇల్లు గుర్తుకు వస్తుంది. హిజ్రత్ చేసి వచ్చిన దైవప్రవక్త (స)ను మా ఇంట దిగమంటే మా ఇంట దిగమని అన్సారులు పోటీపడ్డారు. ఆయన ఒంటె ఆగిన చోటికి దగ్గరగా ఉన్న హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట ఆయన బస చేశారు. వచ్చిపోయేవారికి సౌకర్యమని కింది భాగాన్నే ఎంచుకున్నారు. ఒక రాత్రి పైన నీళ్ళకుండ పగిలింది. చుక్క నీరు కిందికి కారరాదని అబూ అయ్యూబ్ దంపతులు తమకున్న ఒకే ఒక్క దుప్పటితో ఆ నీటిని అద్దారు. తమకు కప్పుకోవడానికి మరొకటి లేదు. ఒంటె ఆగిన ఆ స్థలం ఇద్దరు అనాథ బాలురది. ఊరికే ఇస్తామన్నా దైవప్రవక్త (స) ఒప్పుకోక, వెల చెల్లించాకే అక్కడ మసీదు కట్టించారు. అతిథిగా, పొరుగువాడిగా, ఇంటివాడిగా, స్థలం కొనేవాడిగా ఎలా మెలగాలో ఆ ఒక్క వీధిలోనే మనకు పాఠం ఉంది. పొరుగువాడికి వారసత్వంలో కూడా వాటా వస్తుందేమో అనిపించేంతగా హజ్రత్ జిబ్రీల్ (అలై) పొరుగువారి హక్కులను నొక్కి చెప్పారన్న హదీసులో, ఆ పొరుగువాడు ఏ మతస్థుడన్న నిబంధన లేదు.

తలుపులు మూసేవారి సంగతి అల్లాహ్ చూసుకుంటాడు. మన చేతిలో ఉన్న తాళం చెవి గురించి మాత్రం మనమే జవాబు చెప్పుకోవాలి. తల్లీకూతుళ్ళను తిరుపతిలో దించి మదనపల్లెకు తిరిగి వచ్చాక, చాలా కాలంగా సామాన్లు పడేసిన ఇంటి ముందు భాగాన్ని ఖాళీ చేయించి సున్నం వేయించాను. ఆ పాత యువకుడి కోసం ఆసుపత్రిలో విచారించాను. వేరే ఊరికి బదిలీ అయి వెళ్ళాడన్నారు. క్షమాపణ చెప్పుకునే అవకాశం నాకు దక్కలేదు.

గేటుకు బోర్డు కట్టాను. మూడో రోజు ఒక యువకుడు భార్యతో వచ్చి ఇల్లు చూశాడు. బాడుగ ఎంతన్నాడు, చెప్పాను. నీళ్ళు ఎప్పుడొస్తాయన్నాడు, చెప్పాను. వెళ్ళబోతూ కొంచెం తటపటాయించి, "సార్, మేము..." అని మొదలుపెట్టాడు.

"చేరేది ఏ రోజు?" అని అడిగాను.